నెలకు వంద పళ్ళేలు: విల్లివాక్కం తిండి లెక్కల డైరీ

జూన్, మొదటి వారం

ఈ ప్రాజెక్టు దేనికోసమో ముందే రాసి పెట్టుకుంటే మంచిది. చెన్నై విల్లివాక్కంలో మేం నడిపే ఆదివారం తెలుగు బడికి వచ్చే పిల్లల ఇళ్ళలో ఏం వండుతున్నారు, ఏం కొంటున్నారు, తిండి గురించి అమ్మానాన్నలకు ఎంత తెలుసు అన్నది చూడాలి. దీపావళికల్లా ఒక కొలిక్కి తేవాలి. వచ్చే కుటుంబాలు రకరకాలు. ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన తాతల మనవలున్నారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పిల్లలున్నారు. మూడు తరాలుగా ఇక్కడే ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.

ఇలాంటి సర్వేల తంతు నాకు తెలిసిందే. తల్లిని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు, ఆమె సరైన జవాబులే చెబుతుంది, 'అవగాహన బాగుంది' అని రాసుకుని వెళ్ళిపోతారు. అందుకని రెండు కాగితాలు తయారు చేశాను. ఒకటి ప్రశ్నలది. రెండోదాంట్లో ప్రశ్నలేమీ లేవు, పోయిన నెల కిరాణా బిల్లు, పాల లెక్క, కూరగాయల ఖర్చు తెచ్చివ్వమని మాత్రం ఉంది. మనుషులు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు, బిల్లుకు ఆ మొహమాటం ఉండదు.

జూన్, మూడో వారం

ప్రశ్నల కాగితాలు వచ్చేశాయి. అందరికీ ఫస్ట్ క్లాసే. మాంసకృత్తులు దేంట్లో ఉంటాయి, ఐరన్ దేంట్లో ఉంటుంది, కూల్‌డ్రింకులు ఎందుకు మంచివి కావు, పిల్లలకు టీవీ ముందు ఎందుకు తినిపించకూడదు, అన్నిటికీ చక్కటి జవాబులు. ఒకావిడ ఒమేగా త్రీ గురించి వెనక పేజీ కూడా నింపింది.

ఖాళీగా మిగిలినవి ఒక్క రకం ప్రశ్నలే. మనిషికి రోజుకు పప్పు ఎంత కావాలి? మీ ఇంట్లో నెలకు నూనె ఎంత అవుతుంది? అయిదేళ్ళ పిల్లకు చక్కెర ఎంత దాటకూడదు? వీటి దగ్గర ఎక్కువమంది 'తగినంత' అనో 'మితంగా' అనో రాసి వదిలేశారు. ఏది మంచిదో ఏది చెడ్డదో అందరికీ తెలుసు. ఎంత అన్నది మాత్రం ఎవరూ లెక్కపెట్టుకోలేదు. నాకు కావలసిన దారం ఇక్కడ దొరికింది.

ఇంకో సంగతి. కాగితాల్లో చేతిరాత దాదాపు అన్నీ అమ్మలదే. కానీ ఫోన్‌లో ఆర్డర్లు పెట్టేదీ, ఆఫర్ ఉందని అయిదు లీటర్ల నూనె డబ్బా తెచ్చేదీ చాలా ఇళ్ళలో నాన్నలే. తర్వాతి సమావేశానికి నాన్నలు రాకపోతే బిల్లులు తీసుకోనని చెప్పాను.

జూన్ చివర

కొలబద్ద ఏదో ఒకటి కావాలి కదా. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయుల ఆహార మార్గదర్శకాలు కొత్తగా విడుదల చేసింది. ఆ సంస్థ పుట్టింది మన నీలగిరుల్లోనే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒకే ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వెళ్ళింది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ఆధారమైన చోట వచ్చే జబ్బు అది. తెల్లన్నం తినే మనకు ఆ సంస్థ లెక్కలు పరాయివేమీ కావు.

రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషి పళ్ళెంలో ఏముండాలో వాళ్ళు చెప్పారు: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

అయితే గ్రాముల్లో చెబితే ఎవరికీ బుర్రకెక్కదు. వంటింట్లో త్రాసు పెట్టుకుని కూరొండేవాళ్ళెవరు? అందుకని నెల లెక్కకు మార్చాను. అదే సంస్థ లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110 కేలరీలు, అలాంటి పనే చేసే ఆడమనిషికి 1660, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లకు 1700, నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లకు 1360. నలుగురివీ కలిపితే 6830. 2000 కేలరీల రోజు తిండిని ఒక పళ్ళెం అనుకుంటే, ఇది రోజుకు మూడున్నర పళ్ళేలకు కాస్త తక్కువ, నెలకు వంద పళ్ళేలు, దాదాపుగా.

వంద అని తేలాక మిగతాదంతా చిటికెలో పని. చిన్నపిల్లలిద్దరున్న ఇంటికి నెలకు ధాన్యం 25 కిలోలు, పప్పులు ఎనిమిదిన్నర కిలోలు, కూరగాయలు 40 కిలోలు, పండ్లు 10 కిలోలు, గింజలు మూడున్నర కిలోలు, పాలు 30 లీటర్లు, నూనె నెయ్యి అన్నీ కలిపి మూడు లీటర్లలోపు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది కాబట్టి వంద పళ్ళేలకు అర కిలో. ఇది ఒక్క పేజీలో రాసి అందరికీ ఇచ్చాను. ఇంట్లో ముసలివాళ్ళుంటే, బాగా కష్టపడి పనిచేసేవాళ్ళుంటే అటూ ఇటూ అవుతుంది. మాంసం, గుడ్డు తినే ఇళ్ళలో పప్పుకు బదులు కొంత అవి లెక్కలోకి వస్తాయి. సరిగ్గా గ్రాముకు గ్రాము తేలాలని ఇక్కడ ఎవరికీ పట్టింపు లేదు, ఎక్కడ సగం ఉంది, ఎక్కడ రెట్టింపు ఉంది తెలిస్తే చాలు.

జూలై, రెండో వారం

బిల్లులు వచ్చాయి. నాన్నలూ వచ్చారు, కొందరు పెళ్ళిచూపులకు వచ్చినట్టు బిగుసుకుపోయి.

ఒక ఇంటి బిల్లు ఇక్కడ రాస్తాను, మిగతావి కొంచెం అటూ ఇటూగా ఇలాగే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, పిల్లలు అయిదేళ్ళది, ఎనిమిదేళ్ళవాడు. బియ్యం 25 కిలోల బస్తా, ఇడ్లీ బియ్యం అయిదు కిలోలు, గోధుమపిండి అయిదు, ఉప్మా రవ్వ, సేమియా కలిపి రెండు. మొత్తం 37 కిలోల ధాన్యం. పప్పులన్నీ కలిపితే నాలుగున్నర, అందులో ఇడ్లీ దోసెల మినప్పప్పే పెద్ద వాటా. నూనె సన్‌ఫ్లవర్ అయిదు లీటర్ల డబ్బా, వేరుశనగ నూనె ఒక లీటరు, ఇడ్లీపొడిలోకి నువ్వుల నూనె అర లీటరు, నెయ్యి అర కిలో. మొత్తం ఏడు లీటర్లు. వంద పళ్ళేలకు ఉండాల్సింది మూడు.

ఆ ఇంటాయన బిల్లు చేతిలో పట్టుకుని, "డబ్బా నెలకు ఒకటే కదండీ వస్తోంది, అది తక్కువేననుకున్నాను" అన్నాడు. నెల తిరిగేసరికి డబ్బా అయిపోతోంది, మళ్ళీ ఇంకోటి వస్తోంది. పెద్ద డబ్బా కొంటే లీటరు మీద నాలుగు రూపాయలు మిగులుతాయి నిజమే, కానీ అంత డబ్బా ఎదురుగా ఉంటే చెయ్యి ధారాళంగా వంగుతుంది.

కాగితాల్లో 'నూనె తక్కువ వాడతాం' అని రాసినవాళ్ళలో ఈ ఇల్లు కూడా ఉంది. వాళ్ళు అబద్ధమేం చెప్పలేదు. పక్కింటితో పోలిస్తే తక్కువే వాడుతున్నారు.

జూలై చివర

నూనె సంగతి తేల్చింది నెల్లూరు పెద్దమ్మ. మనవడిని దింపడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నది. "మా రోజుల్లో నూనె సీసాతో తెచ్చుకునేవాళ్ళం. వారానికో సీసా. అయిపోతే మళ్ళీ వారం దాకా తాలింపుకు కూడా చుక్క ఉండేది కాదు. మీకు డబ్బాలొచ్చి చెడిపోయారు" అని తేల్చేసింది.

ఆ మాటనే పద్ధతిగా పెట్టుకున్నాం. నెలకు మూడు లీటర్లంటే వారానికి ముప్పావు లీటరు. ఆదివారం పొద్దున డబ్బాలోంచి ముప్పావు లీటరు సీసాలోకి వంచుకోవాలి, శనివారం దాకా అదే. సరిగ్గా ముప్పావు లీటరు పట్టే గాజు సీసా ఎక్కడ దొరుకుతుందన్నది మగవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. బాగా కడిగి, ఎండబెట్టి వాడమని మాత్రం చెప్పాను.

ఏడు నుంచి ఒక్కసారిగా మూడుకు ఎవరూ దిగలేరు. ముందు అయిదు, తర్వాత నాలుగు. సీసా వల్ల ఇంకో లాభం, పూరీ చేసిన వారం గురువారానికే అడుగు కనిపిస్తుంది. అప్పుడు వాదన అక్కర్లేదు.

ఆడి మాసం, ఆగస్టు మొదట్లో

ఇక్కడ ఆడి నెలంతా మారియమ్మ గుళ్ళలో కూళ్ పోస్తారు. రాగిపిండి, నూకలు పులియబెట్టి కాచి, మజ్జిగ, చిన్న ఉల్లిపాయలతో. మన అంబలికి అక్కలాంటిది. మా బడి పక్క వీధి గుడిలో మొన్న ఆదివారం పెద్ద గంగాళాలతో పోశారు. ఇంట్లో రాగి సంగటి చూస్తే ముక్కు మూసుకునే పిల్లలు వరసలో నిలబడి రెండేసి చెంబులు తాగారు. చిత్తూరమ్మాయి ఒకతె తన కొడుకును చూసి నోరు తెరిచింది. "ఇంట్లో ముద్ద చేస్తే వాంతి వస్తుందంటాడక్కా, ఇక్కడ చూడు!"

వందగ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పాలలో 120 చిల్లర. ఆ లెక్క పిల్లాడికి చెప్పి ప్రయోజనం లేదు. కొత్త రుచి పిల్లలకు పట్టాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుగా కనబడాలని నిపుణులు అంటారు, అదీ బలవంతం లేకుండా. మన ఇళ్ళలో రెండోసారికే 'వీడికి ఇది పడదు' అని తీర్పు ఇచ్చేస్తాం. ఆపైన అవ్వ నెయ్యన్నం కలిపి పెడుతుంది. ఆ అమ్మాయి ఇప్పుడు వారానికోసారి సంగటి చేసి పెద్దవాళ్ళిద్దరే తింటున్నారు, వాడికి వడ్డించడం లేదు. వాడు అడిగితేనే. ఇంకా అడగలేదు.

ఆగస్టు, మూడో వారం

'ఖాళీ కవర్లు తెండి' అని చెప్పాను. బిస్కెట్లు, పాలలో కలిపే పొడులు, పళ్ళరసం డబ్బాలు, జామ్, సెరియల్, నూడిల్స్, ఏవైనా సరే. బల్ల నిండిపోయింది. ఈ ఆదివారం పాఠం చెప్పింది నేను కాదు, ఆ కవర్లు.

పదార్థాల జాబితా ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి రాయాలన్నది రూలు. ఇది చాలామంది విననే లేదు. ముందు వైపు గోధుమ కంకి బొమ్మ ఉన్న బిస్కెట్లో మొదటి పేరు మైదా. చక్కెర ఒక్కచోట కనబడి ఊరుకోదు. కింద లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని వేర్వేరు పేర్లతో మళ్ళీ వస్తుంది.

పొడుల దగ్గర గొడవ ఎక్కువైంది. 'హెల్త్ డ్రింక్' అనే మాటకు ఆహార భద్రత చట్టంలో నిర్వచనమే లేదు. ఆ పేరు కింద పెట్టి ఇలాంటి పానీయాలు అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. మా బల్ల మీద ఉన్న ఒక డబ్బాలో వంద గ్రాములకు 32 గ్రాముల చక్కెర. రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు వేస్తే ఆరు గ్రాములు పైచిలుకు. దాని మీద అమ్మ ఇంకో రెండు చెంచాల చక్కెర వేస్తుంది, 'లేకపోతే తాగడు' అని. రోజుకు రెండు గ్లాసులు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, బిల్లులు చూసినప్పటి నుంచీ నా మనసులో తిరుగుతున్నదే. కవరు మీద 'రోజువారీ అవసరంలో ఇంత శాతం' అని ఉంటుంది కదా, అది 2000 కేలరీలు తినే పెద్దవాళ్ళ లెక్క. కలిపిన చక్కెరకు రోజుకు 50 గ్రాములు హద్దు అనుకుని వేసింది. పది గ్రాములున్న ప్యాకెట్ మీద 20 శాతం అని ఉంటుంది. కానీ తినేది 1360 కేలరీల అయిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల హద్దు 34 గ్రాములు. అంటే ఆ ఒక్క ప్యాకెట్‌తో 30 శాతం దగ్గరికి వచ్చేసింది. ఇంకా సగానికి తగ్గిస్తే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అలా చూస్తే రోజంతటికీ 17 గ్రాములు, నాలుగు చెంచాలు. పిల్లల బొమ్మలేసి పిల్లలకే అమ్మే ప్యాకెట్ మీద పెద్దవాళ్ళ శాతం వేయడమేమిటో నాకు అర్థం కాదు.

దేంట్లో ఎంత చక్కెర ఉందో చూపే 'చక్కెర బోర్డులు' స్కూళ్ళలో పెట్టమని 2025 మేలో సీబీఎస్‌ఈ చెప్పింది. మా పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ళ స్కూల్లో చూసిందట, ఆ రోజు పళ్ళరసం డబ్బా తిప్పి చూసి వాళ్ళ నాన్నకు చదివి వినిపించింది. ఆయన ముఖం చూడాల్సింది.

బడి విరామంలో ఇచ్చే క్రీమ్ బిస్కెట్లు ఆపేశాం. అరటిపండు, లేదా వేయించిన వేరుశనక్కాయలు. ఖర్చు కొంచెమే పెరిగింది.

ఆగస్టు చివర

ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఒకావిడ పిల్లలు కూడా మా బడికి వస్తారు. బిల్లు తెమ్మంటే మొహమాటపడింది, రేషన్ షాపు చీటీ తెచ్చింది. కిలో కందిపప్పు ముప్పై రూపాయలకు, లీటరు పామాయిల్ పాతికకు. ఇంట్లో పప్పు చాలా తక్కువ. కానీ పిల్లలిద్దరూ కార్పొరేషన్ స్కూల్లో చదువుతారు. పొద్దున ప్రభుత్వం టిఫిన్ పథకంలో ఉప్మా, పొంగల్ లాంటివి కూరగాయల సాంబారుతో, మధ్యాహ్నం భోజనంతో బడి ఉన్న ప్రతిరోజూ ఉడికించిన గుడ్డు. ఆ లెక్క కలిపాక ఆ పిల్లల వారం, జామ్ బ్రెడ్ డబ్బా తీసుకెళ్ళే మా అపార్ట్‌మెంట్ పిల్లల వారం కన్నా మెరుగ్గా తేలింది. ఆవిడ నమ్మలేదు, రెండోసారి కూడి చూపించాను.

ఈ ఊళ్ళో బడి భోజనానికి పాత చరిత్ర ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ స్కూల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు, తలకు రోజుకు అణా మించకుండా. తెలుగింటివాడు. టీ నగర్ ఆయన పేరే. ఎంజీఆర్ పథకం 1982లో, పొద్దుటి టిఫిన్ 2022లో వచ్చాయి.

సెప్టెంబరు, రెండో వారం

కూరగాయల దగ్గర అందరం చతికిలబడ్డాం. నెలకు 40 కిలోలంటే వారానికి పది కిలోలు. వారానికి అయిదు కిలోలు తెచ్చే ఇల్లే గొప్ప. పైగా అందులో రెండు కిలోలు ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), ఉల్లిపాయలు. ఉర్లగడ్డను లెక్కలోంచి తీసేశాం. ఉల్లిపాయ మీద మాత్రం అరగంట వాదన జరిగింది, చివరికి సగం లెక్కకు రాజీపడ్డాం. దీనికి శాస్త్రం ఏమీ లేదు, ఇంటికి వెళ్ళాలనిపించింది, అంతే.

కోయంబేడు మార్కెట్ నుంచి ఆదివారం ఒకళ్ళు అందరికీ కలిపి తెచ్చే పద్ధతి మొదలుపెట్టారు. ధర తగ్గింది. కానీ బుధవారానికి ఆకుకూర వడలిపోతోంది, తరిగే తీరిక లేదు. తరగడమే అసలు అడ్డం. ఉద్యోగం నుంచి ఏడున్నరకు వచ్చిన మనిషి బెండకాయలు తరుగుతుందా, దోసెపిండి తీస్తుందా? దోసెపిండే గెలుస్తుంది. కొన్ని ఇళ్ళలో నాన్నలు రాత్రి టీవీ ముందు కూర్చుని తరగడం మొదలుపెట్టారు. ఆ ఇళ్ళలోనే కూరగాయల లెక్క కదిలింది.

ఇంకోటి రాయకపోతే మరిచిపోతాను. ఆకుకూర తిన్న వెంటనే టీ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి, ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మునగాకు కూర కష్టపడి వండి, చెయ్యి కడుక్కోగానే టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగాలి. కూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది, సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా పడుతుంది. ఇది మాత్రం ఒక్క పైసా ఖర్చు లేని మార్పు, దాదాపు అందరూ పట్టుకున్నారు.

ఉప్పు: అర కిలో హద్దు ఎవరూ అందుకోలేదు. వేసవిలో ఆవకాయకు కొన్న కల్లుప్పు ఏ నెల బిల్లులోనూ లేదు. దాని గురించి ఎవరూ మాట్లాడదలచుకోలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు.

నవరాత్రులు

రెండో విడత బిల్లులు అందాయి. నూనె చాలా ఇళ్ళలో నాలుగు, నాలుగున్నర లీటర్ల దగ్గరికి వచ్చింది. బియ్యం కదలలేదు. పప్పులు పెరిగాయి, కారణం మా పాఠం కాదు, బొమ్మల కొలువులు. రోజుకో ఇంట్లో సుండల్: శనగలు, పెసలు, అలసందలు, బఠానీ. పిల్లలు ఆ పది రోజులూ గుగ్గిళ్ళు తినే బతికారు. కొలువయ్యాక కూడా వారానికి రెండు సాయంత్రాలు ఇది సాగాలని అమ్మలు ఒప్పుకున్నారు. రాత్రే నానబెట్టాలి కాబట్టి ఆ పని నాన్నలకు పడింది. వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదిన్నరకు 'నానేశారా?' అని మెసేజ్ వస్తుంది. జవాబివ్వనివాళ్ళ పేర్లు పెద్దమ్మ చదువుతుంది.

అక్టోబరు, రెండో వారం

దీపావళి నెల బిల్లు లెక్కలో వేయాలా వద్దా అని ఓటు పెట్టాం. వద్దన్నవాళ్ళే ఎక్కువ. సరే.

వంద పళ్ళేల లెక్క పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇళ్ళకు సరిపోదు. పది నుంచి పన్నెండేళ్ళ అబ్బాయికి 2220 కేలరీలు, అమ్మాయికి 2060. ఇద్దరూ ఉంటే నెలకు నూట ఇరవై పళ్ళేలవుతాయి. పదకొండేళ్ళ కూతురున్న ఒకావిడ ఆ అంకె చూసి కాసేపు ఆగింది. "అంటే నాకన్నా నాలుగొందలు ఎక్కువ తినాలా ఇది? స్కూల్ నుంచి రాగానే ఆకలి ఆకలి అంటే, లావైపోతావే అని తిడుతున్నాను." ఆ ఇంటి పేజీ కొత్తగా రాయాలి. సాయంత్రం అయిదింటికి ఏం పెట్టాలన్నది అందులో మొదటి వరస.